కూర్మయ్య గవ్వల కంపెనీ

చిన్న కథే చెప్తాను. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా అయిపోతుంది. మధ్యలో మంచినీళ్ళకని ఎవరూ లేవక్కర్లేదు.

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక ఏరు, ఏటి ఒడ్డున ఒక ఇసుక తిన్నె. ఆ తిన్నె మీద ఒక ముసలి తాబేలు ఉండేది. పేరు కూర్మయ్య.

కూర్మయ్య సంగతి చెప్పేముందు ఎలుగుబంటి సంగతి చెప్పాలి. లేకపోతే మీకు అర్థం కాదు. ఎలుగుబంటి పేరు జాంబయ్య. ఆ అడవిలో జాంబయ్య ముక్కుకి ఉన్న పేరు జాంబయ్యకి లేదు. రెండు కొండల అవతల తేనెపట్టు పెడితే, ఏ పువ్వు తేనో ఇక్కడ కూర్చుని చెప్పేవాడు. భార్య మాత్రం, "ఇంట్లో పనసపండు కుళ్ళి వారమైనా ఈ మనిషికి తెలియదు" అనేది. అంతే మరి. ఆఫీసు ముక్కు ఆఫీసుకే. మన పోస్టుమాస్టరు గారు లేరూ? ఊరందరి ఉత్తరాలూ సరిగ్గా పంచుతారు. సొంత బావమరిదికి వచ్చిన ఉత్తరం ఆరు నెలలు బీరువా కింద ఉండిపోయింది. ఆ ఉత్తరంలో ఏముందో నాకు తెలుసు. ఇప్పుడు చెప్పను, బావమరిది కూతురు ఇక్కడే కూర్చుని వింటోంది.

ఎక్కడున్నాం? ముక్కు దగ్గర.

ఆ ముక్కుకి ఉద్యోగం ఎలా వచ్చిందంటే, పూర్వం ఆ అడవిలో తోడేళ్ళు గవ్వలతో జూదమాడించే సావిళ్ళు నడిపేవి, మామూళ్ళు వసూలు చేసేవి. ప్రతి బొరియ దగ్గరికీ, ప్రతి గూటి దగ్గరికీ వచ్చి, "మీ ఇల్లు బాగుంది. ఇలాగే ఉండాలంటే నెలకింత ఇవ్వాలి" అనేవి. ఇవ్వనివాళ్ళ ఇల్లు అలాగే ఉండేది. అందులో వాళ్ళు ఉండేవారు కారు.

చివరికి అడవంతా కలిసి పంచాయితీ పెట్టింది. పంచాయితీ పెద్ద ఐరావతమ్మ అనే ముసలి ఏనుగు. ఒక మాట చెప్పాలంటే ముందు ఒక వెదురు మోపు నమిలేది. ఆ రోజు రెండు మోపులు నమిలి తీర్పు చెప్పింది.

"ఇకమీదట గవ్వలాటలో తోడేలుకి వాటా ఉండకూడదు. ఏ సావిడికి తోడేలు వాసన తగిలితే ఆ సావిడి ఆ పూటే మూసెయ్యాలి."

వాసన చూసే పని జాంబయ్యకి ఇచ్చారు. పదిహేను రోజులకొకసారి వెళ్ళి గవ్వల సావిడి గుమ్మం వాసన చూడాలి. తర్వాత చాప. తర్వాత గవ్వలు. అన్నీ బాగుంటే తలుపు మీద బురద పంజా వెయ్యాలి. ఆ పంజా గుర్తే లైసెన్సు.

ఇంకో ఆచారం కూడా ఉంది. నూరేళ్ళు దాటినవాళ్ళని ఆ అడవిలో ఎవరూ వాసన చూడకూడదు. అంతకన్నా అవమానం లేదు. తెలియక ఏ పిల్లజంతువైనా చూస్తే తల్లి దాని మూతి మీద ఒకటి వేసేది. పెద్దవాళ్ళు ఎదురైతే ముక్కు పక్కకి తిప్పుకుని దణ్ణం పెట్టాలి. కూర్మయ్యకి నూట నాలుగేళ్ళు. కాబట్టి కూర్మయ్య దారిలో కనిపిస్తే అడవంతా ముక్కు పక్కకి తిప్పుకునేది. అలా తిప్పుకుని చెట్టుకి గుద్దుకున్నవాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు కథలోకి వద్దాం.

కూర్మయ్య చాలా మంచివాడు. నూట నాలుగేళ్ళలో ఎవరితోనూ గొడవ పడలేదు. గొడవ జరిగే చోటికి కూర్మయ్య చేరేసరికి గొడవ అయిపోయేది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. ఇచ్చేవాళ్ళు అంతసేపు చెయ్యి చాపుకుని నిలబడలేకపోయేవారు. ఎలా వచ్చినా మంచి పేరు మంచి పేరే.

ఆ ఏడాది కూర్మయ్య కూతురు తిన్నె మీద గుడ్లు పెట్టింది. ముప్పై రెండు. ఇసుక కప్పి తండ్రితో చెప్పింది.

"నాన్నా, వానలు పడగానే పిల్లలు పైకి వస్తాయి. ఏటి మెరుపు చూసి వాటంతటవే నీళ్ళలోకి దిగిపోతాయి. అందాకా కనిపెట్టుకుని ఉండు. కిందటేడులా కానివ్వకు."

"కానివ్వనమ్మా" అన్నాడు కూర్మయ్య.

కూతురు ఏటివాలుకి ఈదుకుంటూ వెళ్ళిపోయింది. కిందటేడు ఏమైందంటే, ఒక ఉడుము వచ్చి గుడ్లన్నీ తవ్వుకుని తినేసింది. కూర్మయ్య గట్టిగానే అరిచాడు. తాబేలు అరుపు ఎంత దూరం వినిపిస్తుందో మీకు తెలిసిందే.

ఈ ఏడాది కూడా ఉడుము వచ్చింది. మొదటి రోజు తిన్నె చివర కూర్చుంది. రెండో రోజు తిన్నె మధ్యలో కూర్చుంది. మూడో రోజు గుడ్లకి మూరెడు దూరంలో కూర్చుని గోళ్ళు రాయికేసి రుద్దుకుంది. ఆ మూడో రోజు సాయంత్రమే నక్క వచ్చాడు. పేరు చలమయ్య. పెళ్ళిళ్ళు కుదిర్చేవాడు, తగువులు తీర్చేవాడు. తగువు లేకపోతే ముందు అది పెట్టి, తర్వాత తీర్చేవాడు.

చలమయ్య ముక్కు పక్కకి తిప్పుకుని దణ్ణం పెట్టాడు.

"తాతగారూ, ఆ ఉడుముని చూస్తున్నారా?"

"మూడు రోజులుగా అదే పని నాయనా."

"ఆకలి మీద ఉన్నట్టున్నాడు."

"అలాగే కనిపిస్తోంది."

"వాడు ఎవరి మాటా వినే రకం కాదు. ఒక్క 'ఆయన' మాట తప్ప."

ఆ అడవిలో 'ఆయన' అంటే ఒక్కరే. పెద్ద తోడేలు. పేరు ఉంది, నాకు తెలుసు కూడా, కానీ ఎవరూ అనరు, నేనూ అనను. ఆడవాళ్ళు కూడా మొగుళ్ళని 'ఆయన' అనడం మానేసి శుభ్రంగా పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు, ఎందుకొచ్చిన తంటా అని.

కూర్మయ్య తల సగం లోపలికి పోయింది.

"ఆయనకి నాతో ఏం పని?"

"ఏమీ లేదు. ఏటి గట్టు మీద ఒక గవ్వల సావిడి పెడుతున్నారు. కొందరు. దానికి ఒక యజమాని కావాలి. 'కూర్మయ్య గవ్వల కంపెనీ' అంటే వినడానికి ఎంత బాగుందో చూడండి. మీరు అక్కడికి రావక్కర్లేదు, ఆడక్కర్లేదు. ఈ ఆకు మీద ఒక్క పాదముద్ర వేస్తే చాలు."

"అందులో తోడేళ్ళకి వాటా ఉందా?"

"ఆ మాట మీరు అడగకూడదు తాతగారూ. అడిగితే నేను చెప్పాల్సి వస్తుంది. చెప్తే మీకు తెలిసిపోతుంది. తెలియనంతసేపే కదా మనిషి నిజాయితీపరుడు."

కూర్మయ్య ఆలోచించాడు. కూర్మయ్య ఆలోచన కూడా నడకలాంటిదే. ఇంతలో ఉడుము ముందు కాలు ఒకటి ఎత్తి గుడ్లున్న చోట ఇసుక మీద పెట్టింది. గట్టిగా కాదు, ఊరికే పెట్టింది.

కూర్మయ్య ముద్ర వేశాడు.

ఉడుము కాలు తీసి, ఏమీ తెలియనట్టు పొదల్లోకి వెళ్ళిపోయింది.

మీరైతే వేసేవారు కాదు, అవునా? వెయ్యనివాళ్ళు చెయ్యెత్తండి. నువ్వు దించు బంగారయ్యా. మొన్న ఒక్క జామకాయ కోసం మీ అమ్మమ్మ మీద ఒట్టేశావు.

సావిడి లేచింది. గొప్ప సావిడి. కాపలావాళ్ళు చలమయ్య తమ్ముళ్ళు. చాపలు చలమయ్య వియ్యంకుడు అల్లినవి. మంచినీళ్ళు చలమయ్య పిన్ని మోసేది. గవ్వలు ఎక్కడివో ఎవరూ అడగలేదు, వాటిని ఎలా విసిరినా సావిడే గెలిచేది. ఆయన మాత్రం ఆ చుట్టుపక్కలకే రాలేదు. గుమ్మం తొక్కలేదు, గవ్వ ముట్టలేదు. పదిహేను రోజులకి జాంబయ్య వచ్చి గుమ్మం వాసన చూశాడు. చాప చూశాడు. గవ్వలు చూశాడు.

"నక్క వాసన, ఎలుక వాసన, భయం వాసన. తోడేలు వాసన లేదు" అని బురద పంజా వేసి వెళ్ళాడు.

భయం వాసనకి రూలు లేదు.

ఆయన మరి ఎక్కడికి వచ్చేవాడంటే, సాయంత్రం పూట ఏటి దగ్గరికి వచ్చేవాడు. వచ్చి కూర్మయ్య వీపు మీద కూర్చునేవాడు. చుట్టూ రాళ్ళు లేవా అంటే బోలెడున్నాయి. ఆయనకి రాళ్ళు పడవు. అలా కూర్చుని, చలమయ్య చెప్పే ఆ రోజు సంగతులు వినేవాడు.

"ఈ గట్టు మొత్తం మీద నీ వీపంత చల్లటి చోటు లేదు తాతా" అనేవాడు లేచేటప్పుడు. చాలా మర్యాదస్తుడు.

కూర్మయ్య తల లోపల పెట్టుకుని గుడ్లు లెక్కపెట్టుకునేవాడు. ముప్పై రెండూ ఉండేవి.

ఆటలో ఏం ఒడ్డేవారో చెప్పలేదు కదూ. మొదట్లో పండ్లు, గింజలు, తేనె. అందులో పదోవంతు పంచాయితీకి వెళ్ళేది. పంచాయితీకి అంత లేత వెదురు అంతకుముందు ఎప్పుడూ దొరకలేదు. ఐరావతమ్మ ఒంటికి నిగారింపు వచ్చింది. "కూర్మయ్య సావిడి వచ్చాక అడవి బాగుపడింది" అన్నారు. అన్నవాళ్ళలో సగంమంది అప్పుడే సావిడిలోంచి ఉత్త చేతులతో వస్తున్నారు.

పండ్లు, గింజలు అయిపోయాక చలమయ్య ఒక వెసులుబాటు ఇచ్చాడు. గుమ్మాలు ఒడ్డవచ్చు. దారులు ఒడ్డవచ్చు. ఉడుత పారిపోయే కొమ్మ ఒడ్డవచ్చు, జింక నీళ్ళకి వెళ్ళే దొంగదారి ఒడ్డవచ్చు. ఓడినవాళ్ళు ఆ దారి గుర్తు గీసిన ఆకు మీద పంటి గాటు పెట్టి ఇవ్వాలి. ఇకమీదట ఆ దారి వాళ్ళది కాదు.

ఆ ఆకులన్నీ ఒక బుట్టలో వేసేవారు. ఒకరోజు చలమయ్య రెండోసారి కూర్మయ్య దగ్గరికి వచ్చాడు.

"తాతగారూ, చిన్న ముద్ర. పంచాయితీ వాటా తీసేముందు ఒక బుట్ట వెనక తలుపులోంచి బయటికి వెళ్తుంది. దాన్ని ఎవరూ తెరిచి చూడనక్కర్లేదని యజమాని ఒప్పుకోవాలి."

"అందులో ఏముంటాయి?"

"ఆకులు."

ఆకులే కదా అనుకున్నాడు కూర్మయ్య. దూరంగా ఉడుము ఒళ్ళు విరుచుకుంటోంది. ముద్ర వేశాడు.

ఇంకో నెలకి చలమయ్య మూడోసారి వచ్చాడు.

"అవతలి ఒడ్డు నుంచి కూడా జనం ఆటకి వస్తున్నారు తాతగారూ. సందె చీకట్లో దారి తెలియక మీ తిన్నె మీదుగా నడుస్తున్నారు. ఎవరైనా గుడ్ల మీద అడుగేస్తే ఎంత ఘోరం. సావిడికి ఈ వైపున దీపాలు కడితే, అందరూ చూసుకుని నడుస్తారు."

ఈసారి కూర్మయ్య ఉడుము వైపు చూడనే లేదు. సంతోషంగా ముద్ర వేశాడు. చలమయ్య కళ్ళలో నీళ్ళు తెచ్చుకున్నాడు. తెచ్చుకోగలడు. ఎండు సొరబుర్రలకి చిల్లులు పెట్టి, మిణుగురుల్ని నింపి, తిన్నెకి ఎదురుగా వరసగా వేలాడదీశారు. ఏరు వెలవెలబోయింది. అంత బాగున్నాయి.

ఇక కుందేలు సంగతి. పేరు గుర్నాథం. పెళ్ళాం, అయిదుగురు పిల్లలు. వాళ్ళ బొరియకి ఏడు గుమ్మాలు. వాళ్ళ తాత తవ్వించినవి. పులి ఒక వైపు వస్తే ఇంకో వైపు పోవచ్చని. గుర్నాథం రోజుకొక గుమ్మం ఒడ్డాడు. ఒక్కసారి గెలిచాడు. గెలిచిన గుమ్మాన్ని మర్నాడు మళ్ళీ ఒడ్డి పోగొట్టుకున్నాడు. ఆ ఒక్క గెలుపు గురించి మాత్రం అడవంతా చెప్పుకున్నాడు. మన సుబ్బారాయుడు లాటరీలో గెలిచిన స్టీలు గిన్నె గురించి చెప్పుకోవడం లేదూ, పదకొండేళ్ళుగా, అలాగ.

ఒక సాయంత్రం గుర్నాథం ఏటి దగ్గర కూర్మయ్యకి ఎదురయ్యాడు. ముక్కు తిప్పుకుని దణ్ణం పెట్టాడు.

"మీ సావిడి చాలా నిజాయితీ గల సావిడి తాతగారూ. మీ పేరు ఉంది కాబట్టే ధైర్యంగా ఆడుతున్నాను. లేకపోతే ఇలాంటి చోట్లకి వెళ్ళే మనిషిని కాదు."

"ఇంకెన్ని గుమ్మాలున్నాయి నాయనా?"

"ఒకటి. మా ఆవిడా ఇదే గోల. ఒకటి చాలదా చెప్పండి. నేను ఎన్నిసార్లు బయటికి వచ్చినా ఒక్క గుమ్మంలోంచే కదా వచ్చేది."

కూర్మయ్య ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. తెరిచేసరికి గుర్నాథం వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున గుర్నాథం బొరియలో ఎవరూ లేరు. గుర్నాథం లేడు, పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. మిగిలిన ఆ ఒక్క గుమ్మం ముందు శుభ్రంగా ఊడ్చి ఉంది. కుందేళ్ళు వాకిలి ఊడ్చుకోవు.

"పుట్టింటికి వెళ్ళుంటారు" అన్నాడు చలమయ్య.

ఆ సాయంత్రం ఆయన ఎప్పటిలా వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు కాస్త బరువుగా ఉన్నాడు.

కూర్మయ్యకి బుట్టలో ఆకులు గుర్తొచ్చాయి. ఉడుత కొమ్మలు, జింక దారులు, పిట్టలు వాలే రెమ్మలు. ఎవరు ఎక్కడినుంచి పారిపోగలరో, ఇక ఎక్కడినుంచి పారిపోలేరో, అడవి మొత్తం ఆ బుట్టలో ఉంది. దాని మీద తన పేరు ఉంది.

ఆ వారం జాంబయ్య తలుపు మీద పంజా వేసి, బురద కడుక్కోవడానికి ఏటి దగ్గరికి వచ్చాడు. కూర్మయ్య దారికి అడ్డంగా కూర్చున్నాడు.

"జాంబయ్యా, ఒక్కసారి నన్ను వాసన చూడు."

జాంబయ్య రెండు చేతులతో ముక్కు మూసుకున్నాడు. "శివ శివ. నేనంత పాపం చెయ్యలేను తాతగారూ."

"నేనే చూడమంటున్నాను."

"మీరు అన్నా ఆచారం ఒప్పుకోదు."

"సరే, చూడకు. విను. రోజూ సాయంత్రం ఆయన నా వీపు మీద కూర్చుంటున్నాడు. సావిడి ఆయనదే. నాది పేరే."

జాంబయ్య ముక్కు మీద నుంచి చేతులు తీశాడు.

"విన్నాను తాతగారూ. కానీ విన్నది చెవి. నా ఉద్యోగం ముక్కుది. చెవితో విన్నదానికి తలుపు ముయ్యడానికి నాకు అధికారం లేదు."

చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. మంచివాడే. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదని భార్య చెప్పింది.

ఇక మిగిలింది పంచాయితీ. పంచాయితీకి వెళ్తే గుడ్లు దక్కవని కూర్మయ్యకి తెలుసు. వెళ్ళకపోతే ఇంకో బొరియ ముందు ఊడ్చి ఉంటుందనీ తెలుసు. తిన్నె మీద ఇసుక ఒకసారి సర్ది, "క్షమించమ్మా" అని ఏటివాలుకి చూసి అన్నాడు. తర్వాత బయల్దేరాడు. రెండు రోజులు నడిచాడు. పంచాయితీ పక్క చెట్టు కిందే.

అందరూ ముక్కులు తిప్పుకుని దణ్ణాలు పెట్టారు.

"తిప్పుకోకండి" అన్నాడు కూర్మయ్య. "నా మీద తోడేలు వాసన ఉంది. జాంబయ్యని చూడమనండి."

"నూరేళ్ళు దాటినవారిని చూడకూడదు" అంది ఐరావతమ్మ.

"నాకు తొంభై ఎనిమిదే."

ఆ అడవిలో వయసు ఎక్కువ చెప్పుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. తగ్గించుకున్నవాడు కూర్మయ్య ఒక్కడే. ఉన్న ఒక్క గౌరవాన్నీ తన చేత్తో తనే తీసి నేల మీద పెట్టేశాడు.

ఐరావతమ్మ తల ఊపింది. జాంబయ్య వంగి కూర్మయ్య వీపు మీద ముక్కు పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచి చెప్పాడు.

"తోడేలే. రోజూ కూర్చున్న వాసన. ఈ మధ్య ఒకరోజు కుందేలు తిని కూర్చున్న వాసన."

పంచాయితీ అంతా గొల్లుమంది. అప్పుడు చలమయ్య లేచాడు. అతనికి ఎప్పుడు లేవాలో తెలుసు.

"అమ్మా, రూలు ఒకసారి గుర్తుచేసుకోండి. తోడేలు వాసన సావిడికి తగలకూడదు అన్నారు. సావిడికి తగల్లేదని జాంబయ్య గారే ఆరుసార్లు పంజా వేశారు. వాసన ఎక్కడుంది? కూర్మయ్య గారి మీద. అంటే తోడేలుతో తిరిగింది ఎవరు? నా నోటితో చెప్పలేను. పెద్దవారు. తొంభై ఎనిమిదో, నూట నాలుగో."

ఐరావతమ్మ వెదురు నమిలింది. లేత వెదురు. ఎక్కడినుంచి వచ్చిందో అందరికీ తెలుసు. మూడు మోపులు నమిలాక తీర్పు చెప్పింది.

"సావిడి శుభ్రంగా ఉంది. సావిడి నడుస్తుంది. కూర్మయ్య వయసు విషయంలో అప్పుడు అబద్ధమాడాడో ఇప్పుడు అబద్ధమాడాడో తెలియదు, ఏదో ఒకప్పుడు ఆడాడు. పైగా తోడేలుతో సావాసం. ఇలాంటివాడి పేరు కంపెనీకి మచ్చ. యజమానిని మార్చండి."

మార్చారు. కొత్త యజమాని ఒక ముసలి కొంగ, ధవళమ్మ గారు. నూట ఒకటి. ఒళ్ళంతా తెలుపే. ఆమెని వాసన చూడకూడదు.

అందరూ లేచి వెళ్తుంటే చలమయ్య కూర్మయ్య పక్కన ఆగాడు.

"ఎందుకు తాతా ఇదంతా. ఆయనకి పాపం ఇక కూర్చోవడానికి చోటు లేకుండా చేశావు. కొంగ మీద ఎవరైనా కూర్చోగలరా?"

'గారూ' పోయింది, 'మీరు' పోయింది. గమనించారా?

కూర్మయ్య మళ్ళీ రెండు రోజులు నడిచి తిన్నెకి వచ్చాడు. గుడ్లు ఉండవనుకున్నాడు. ఉన్నాయి. వాటి మీద కూర్చున్నాడు. ఉడుము వచ్చింది, చూసింది, వెళ్ళింది. రెండో రోజూ అంతే. మూడో రోజు కూర్మయ్యే అడిగాడు.

"ఇంకా ఎందుకు ఆగావు?"

"ముట్టుకోవద్దన్నారు" అంది ఉడుము. దానికీ అర్థం కానట్టుంది. "ఆయన మాటిచ్చాడట. ఇస్తే తప్పడట."

అడవిలో వాళ్ళు రోజూ వచ్చి దూరంగా నిలబడి చూసి పోయేవారు. ఈ రోజు తింటుందని కొందరు, రేపు తింటుందని కొందరు. దాని మీద కూడా సావిడిలో గవ్వలు వేశారు.

తొలకరి పడింది. సందె వేళ వాన వెలిసింది. ఇసుక కదిలింది. ఒక చిన్న తల పైకి వచ్చింది. తర్వాత ఇంకొకటి. కూర్మయ్య లెక్కపెట్టాడు. ముప్పై రెండు. ఒక్క గుడ్డు కూడా చెడలేదు. ఆ ఏటి చరిత్రలో అలా ఎప్పుడూ జరగలేదు. కూర్మయ్య ఏడ్చాడు. తాబేళ్ళు ఏడిస్తే ఎవరికీ తెలియదు.

పుట్టిన తాబేలుకి ఎవరూ దారి చెప్పక్కర్లేదు. ఏది మెరిస్తే అటు నడుస్తుంది. వేల ఏళ్ళుగా ఆ తిన్నె మీద మెరిసేది ఏరు ఒక్కటే.

పిల్లలు ఏటి వైపు చూశాయి. వెనక్కి తిరిగి సావిడి వైపు చూశాయి. సొరబుర్రల్లో మిణుగురులు బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి.

ముప్పై రెండూ అటు నడిచాయి.

"అటు కాదు, ఇటు" అన్నాడు కూర్మయ్య. వెంట పడ్డాడు. పుట్టిన తాబేలు నూట నాలుగేళ్ళ తాబేలు కన్నా కాస్త వేగంగా నడుస్తుంది. చలమయ్య తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆఖరిది లోపలికి వెళ్ళాక నెమ్మదిగా వేశాడు. తలుపు మీద జాంబయ్య పంజా ఇంకా తడిగా ఉంది.

పిల్లలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. బాగానే చూసుకుంటున్నారు. గోడ పక్కన వరసగా పీటలు వేసినట్టు కూర్చోబెట్టారు. ఇంకా చిన్నవి కాబట్టి ప్రస్తుతానికి వాటి మీద ఎలుకలు కూర్చుంటున్నాయి. పెరిగేదాకా ఆగుతానన్నాడు ఆయన. తొందర లేదట, తాబేళ్ళు చాలా కాలం బతుకుతాయి కదా.

పప్పు మాడిపోయింది.

నీతి: వెనక ఎవరున్నారో తెలిసి మీ మంచి పేరు అరువివ్వకండి, పేరునైతే వెనక్కి తీసుకోవచ్చు, దాని మీద కూర్చున్నవాడు లేవడు.